వాడిన నీళ్ళు

మా ఇంటికి నీళ్ళపెట్టె వచ్చిన రోజు మా అత్త ఓకలీనా దానికి వీపు తిప్పి కూర్చుని, దీపాలు పెట్టేవేళ దాకా వల అల్లుతూనే ఉంది.

నది అంచులు గడ్డకట్టడం మొదలైన వారం అది. లోవెల్ అనే ఇంజనీరు పట్నం నుంచి చిన్న విమానంలో దిగాడు. పొడుగ్గా, ఎర్రగడ్డంతో, ప్రతి మాటకీ ముందు "ఏమీ అనుకోకండి" అనే మనిషి. బీరువా అంత పెట్టెని మా ఆయన వాసిలీ, ఇంకో నలుగురు కలిసి చెక్కబాట మీద మోసుకొచ్చి వంటింటి మూల నిలబెట్టారు. దానికో తొట్టి, కుళాయి. మొహం కడుక్కున్న నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అన్నీ పెట్టె లోపలికి పోతాయి. లోపల వడపోతలు, మందు, ఒక నీలం దీపం. అవన్నీ దాటుకుని మళ్ళీ తేటగా కుళాయిలోకే వస్తాయి. తాగడానికి మాత్రం పనికిరావు. తాగేనీళ్ళు ఎప్పటిలా నది మీద గడ్డ కోసి తెచ్చి కరిగించుకోవడమే.

దాంతోపాటే దొడ్డికి కూర్చునే బకెట్టు ఉండే మూల ఒక కొత్త పీట బిగించారు. పల్చనిది ఒక వైపు పోతుంది, గట్టిది ఇంకో వైపు పడి, ఫ్యాను గాలికి ఆరిపోతుంది. మా ఊళ్ళో ఆ బకెట్టుని తేనెబకెట్టు అంటారు. ఆ పేరు పెట్టినవాడు జన్మలో దాన్ని మోసి ఉండడు. మోసేది వాసిలీ. గడ్డకట్టిన మెట్లు దిగి, ఎదురుగాలిలో, ఊరి చివర మురికిగుంట దాకా. ఒకసారి మెట్ల మీద జారాడు. ఆ తర్వాత అతని కుడిభుజం పైకి లేవదు. ఆ మెట్లు ఎలా కడిగామో నన్ను అడగొద్దు.

ఉత్తరాన మంచుసీమలో ఉన్న మా కుయ్‌గలుక్‌లో నేల ఎండాకాలం కూడా లోపల గడ్డే. గొట్టాలు పాతితే వేడికి నేల కరిగి కుంగుతాయి, పైన వేస్తే చలికి పగులుతాయి. అందుకని నా పెళ్ళికి ముందునుంచీ ఎవరొచ్చినా చుట్టూ చూసి, తలూపి, విమానం ఎక్కి వెళ్ళిపోవడమే. ఈసారి ఒకే ఒక్క పెట్టె తెచ్చారు, చలికాలం గడిచేదాకా పరీక్షకి. అది మా ఇంటికే ఎందుకొచ్చిందంటే మా నాస్తాసియా వల్ల. పిల్లకి ఆరేళ్ళు. అప్పటికే రెండుసార్లు ఊపిరాడక ఆసుపత్రికి విమానంలో పట్టుకెళ్ళాం. చేతుల నిండా మానని పుళ్ళు. నర్సమ్మ మా పేరు చెప్పింది.

లోవెల్ అంతా బిగించి, కుళాయి తిప్పి చూపించి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చూశాడు.

"ఒకళ్ళు మొహం కడిగిన నీళ్ళతో ఇంకొకళ్ళు మొహం కడుక్కోవాలా?" అంది మా అత్త, వల మీంచి కళ్ళెత్తకుండా. "ఇదెక్కడి చోద్యమే, ఒక్సేనియా?"

"మిషను శుభ్రం చేస్తుందట అత్తా."

"నా కొడుకు మురికంటే సరే, నా కడుపున పుట్టినవాడు. నీ మురికి నాకెందుకు?"

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి," అన్నాడు లోవెల్. "ఈ నీళ్ళు మీ నదినీళ్ళకన్నా శుభ్రం."

"నదికి మార్కులెయ్యడానికి నువ్వెవరివి నాయనా?"

లోవెల్ పానాలు సర్దుకున్నాడు. నిజానికి అప్పటిదాకా మేం చేసిందేమిటి? పొద్దున ఒక బేసిన్లో నీళ్ళు పోసేవాళ్ళం, ఇంటిల్లిపాదీ సాయంత్రం దాకా అందులోనే చేతులు ముంచేవాళ్ళం. అతను వెళ్ళాక ఆ మాటే అన్నాను.

"ఆ మురికి కంటికి కనపడేది," అంది అత్త. "ఇది కనపడదు. కనపడనిదాన్ని నేను నమ్మను."

*

అత్తని మించి బాధపెట్టింది పక్కింటి అగ్రఫేనా. ఆవిడా అత్తా ఒక ఈడువాళ్ళు, ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. పెట్టె మా ఇంట్లో దిగిన మర్నాటి నుంచీ మాతో మాటలు మానేసింది. మానేస్తే బాగానే ఉండును. మా ఊళ్ళో ఇంటికో రేడియో ఉంటుంది. ఒక ఇంట్లో మైకు నొక్కి మాట్లాడితే ఊరంతా వింటుంది. అగ్రఫేనా పొద్దున్నే మైకు అందుకునేది.

"కుళాయి ఉన్నవాళ్ళింట్లో లేచారా అమ్మా? మేం ఇక్కడ బకెట్టు మోస్తున్నాం. కాస్త పక్కకి తప్పుకోండి, మీ కాళ్ళకి అంటగలదు."

ఊరంతా నవ్వేది. నేను చెవులు మూసుకునేదాన్ని. అత్త మాత్రం మైకు లాక్కుని, "అగ్రఫేనా, నీ బకెట్టు వాసన నీ గొంతులోంచి కూడా వస్తోందే" అనేది. రేడియో కట్టేసి నావైపు తిరిగి, "దానికేం, నిజమే అంది" అనేది.

పొద్దు పొడిచీ పొడవకుండానే గుంకిపోయే రోజులొచ్చాయి. నాస్తాసియా కుళాయి కింద చేతులు పెట్టి ఆడడం మొదలుపెట్టింది. బడి నుంచి వస్తే చేతులు, తినేముందు చేతులు, తిన్నాక చేతులు. పుళ్ళు ఎప్పుడు మానాయో నేను గమనించలేదు. అత్త గమనించింది. ఒకరోజు మనవరాలిని దగ్గరికి పిలిచి, రెండు చేతులూ తిరగేసి మరగేసి చూసి, వాసన చూసి వదిలేసింది.

ఆ మర్నాడు నేను బయట మంచు దులుపుకుని వసారాలోకి అడుగుపెట్టేసరికి, అత్త చేపలు కోసిన చేతులు కుళాయి కింద పెట్టి ఉంది. నేను వెనక్కి వెళ్ళి, బూట్లు గట్టిగా తపతపలాడించి, దగ్గి, అప్పుడు లోపలికొచ్చాను. అత్త బల్ల దగ్గర కూర్చుని ఉంది. చేతులు తడిగా ఉన్నాయి.

"ఆ నీళ్ళు కొంచెం వెచ్చగా ఉన్నాయేం?" అంది.

"ఉంటాయి అత్తా," అన్నాను. నవ్వానంటే ఇల్లు కూలేది.

*

నడిచలికాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఊరికి కరెంటు తయారుచేసే మిషను ఇంట్లో ఏదో కాలిపోయిందట. కరెంటు లేకపోతే పొయ్యికి నూనె ఎక్కించే మోటారు కూడా ఆడదు. బయట గాలి ఇంటిని పట్టుకుని ఊపుతోంది. కాసేపటికి కిటికీలకి లోపలివైపు మంచు పట్టింది. పెట్టె మూగదైపోయింది.

"గడ్డకడితే లోపల పగిలిపోతుంది," అన్నాడు వాసిలీ. నీళ్ళు దింపేద్దామని అడుగు మర తిప్పబోయాడు. అది అప్పటికే బిగుసుకుపోయింది.

దుప్పట్లు కప్పాం. మా పరుపులు ఆనించాం. అత్త లేచి, ట్రంకులోంచి తన ఉడతచర్మాల కోటు తీసింది. అది వాళ్ళమ్మ కుట్టింది. పండగకి కూడా ఆచితూచి వేసుకునేది. దాన్ని నీళ్ళపెట్టె భుజాల మీద కప్పి, మనిషికి కట్టినట్టు ముందు ముడులు వేసింది.

"దీనిమీద ప్రేమేం కాదు," అంది నేను అడక్కుండానే. "పిల్ల చేతుల కోసం."

అయినా చలి ఆగలేదు. వాసిలీ కాసేపు ఆలోచించి, "ఇవాళ అగ్రఫేనా వాళ్ళు ఆవిరిగది వేడిచేశారు. పొగ చూశాను," అన్నాడు.

ఆవిరిగది అంటే కట్టెలపొయ్యి మీద రాళ్ళు ఎర్రగా కాల్చి నీళ్ళు చల్లుకునే చిన్న గది. ఆ రాళ్ళకి వేడి చాలాసేపు నిలుస్తుంది. కానీ అగ్రఫేనాని అడగడం ఎలా? నేను అత్త వైపు చూశాను. అత్త గోడ వైపు చూసింది. చివరికి వాసిలీ పార పట్టుకుని తనే వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు అతనొక్కడే లేడు. అగ్రఫేనా కూడా ఇనప బక్కెట్టులో రాళ్ళు మోసుకుంటూ, మొహం నిండా మంచుతో గుమ్మంలో నిలబడింది. మూడు నెలల తర్వాత మా ఇంటి గడప తొక్కడం. రాళ్ళని సత్తుగిన్నెల్లో పెట్టి పెట్టె చుట్టూ పేర్చాం. అవి చల్లారితే ఇంకో విడత. చెక్కబాట మీద ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మంచు మా అడుగులకి నల్లబడింది. కరెంటు వచ్చేసరికి నలుగురికీ నడుములు పడిపోయాయి. పెట్టె ఒకసారి దగ్గి, గురక మొదలుపెట్టింది. అగ్రఫేనా దాని కోటు వైపు, అత్త వైపు మార్చి మార్చి చూసింది.

"నా కోడలి చంటిదానికి ఆవిరి పడదు," అంది. "ఊరికే గుక్కపెడుతుంది. దాన్ని మీ కుళాయి కింద కడిగించాలి."

"తీసుకురా," అంది అత్త. "నువ్వూ రా. ఇంకా వాసనొస్తున్నావు."

అలా మొదలైంది. చంటిదాని వెనక దాని అన్నలు, వాళ్ళ వెనక వాళ్ళ స్నేహితులు. శనివారాలు మా వంటింట్లో కాలుపెట్టే చోటుండేది కాదు. లోవెల్ ఫోన్ చేసి, పెట్టె ఎక్కువ పనిచేస్తున్నట్టు లెక్కల్లో కనిపిస్తోంది, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు. "పెద్ద కుటుంబం," అని చెప్పాను. ఆ చలికాలం నాస్తాసియా ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు.

*

పొద్దు పొడుగైంది. నది మీద గడ్డ బూడిదరంగుకి తిరిగింది. ఇంకొన్నాళ్ళలో విరుగుతుందనగా ఒక పొద్దున లోవెల్ దిగాడు. చేతిలో పానాల సంచి.

"ఏమీ అనుకోకండి," అన్నాడు గుమ్మంలోనే. "పరీక్ష అయిపోయింది. పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చాను."

వాసిలీ టీ తాగుతున్నవాడు కప్పు కింద పెట్టాడు. "పరీక్షలో నెగ్గిందా?"

"బ్రహ్మాండంగా నెగ్గింది."

"నెగ్గినదాన్ని పట్టుకుపోవడమేంటయ్యా?"

"విప్పి చూడాలి. ఏ భాగం ఎంత అరిగిందో చూస్తే, ముందుముందు ఇంకా మంచిది చెయ్యొచ్చు. అప్పుడు అన్ని ఊళ్ళకీ…"

"ఎప్పుడు?"

లోవెల్ నావైపు తిరిగాడు. "మొదట్లోనే చెప్పాను కదా ఒక్సేనియా, చలికాలం వరకే అని."

"చెప్పావు. సరేనన్నాం కూడా. అప్పటికి తెలీక అన్నాం."

"ఏం తెలీక?"

నాస్తాసియా బల్ల దగ్గర ఎండుచేప తింటోంది. దాని చెయ్యి పట్టుకుని ఎత్తి చూపించాను. లోవెల్ చూశాడు. అతను చెడ్డవాడు కాడు. అందుకే వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"విమానం ఎక్కువసేపు ఆగదు," అన్నాడు నెమ్మదిగా. "ఎండెక్కితే బురద మెత్తబడి చక్రాలు దిగబడతాయి. నాకు అప్పజెప్పిన పని ఇది. ముందు పెట్టె ఆపి, నీళ్ళన్నీ దింపి, ఖాళీ చెయ్యాలి. తర్వాత మీరు కాస్త సాయం పడితే…"

సంచి విప్పి పానా తీశాడు. వాసిలీ లేచి నిలబడ్డాడు. ఎడమచెయ్యి బిగుసుకోవడం చూశాను. కొట్లాట జరిగితే మర్నాడు పోలీసులు వస్తారు, పెట్టెతోపాటు మనిషినీ పట్టుకుపోతారు.

మా అత్త లేచింది. కొడుకు భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. కుళాయి దగ్గరికి వెళ్ళి, లోవెల్‌ని మోచేత్తో పక్కకి జరిపి, తలగుడ్డ తీసింది. జడ విప్పింది. ఆవిడ తల ఎప్పుడూ ఆవిరిగదిలో తప్ప కడుక్కునేది కాదు. ఆ నీళ్ళు చేతులకి వాడింది గాని తలకి ఎన్నడూ తగలనివ్వలేదు. కుళాయి తిప్పి, తెల్లటి జుట్టంతా దాని కింద పెట్టింది.

"మామ్మగారూ…"

"తల కడుక్కుంటున్నాను నాయనా. అయ్యేదాకా ఆగు. ఒక్సేనియా, మైకు ఇలా పట్టు."

మైకు సాగదీసి ఆవిడ నోటి దగ్గర పెట్టి నొక్కాను. నీళ్ళ చప్పుడు ఊరంతా వినిపించి ఉంటుంది.

"ఓకలీనాని మాట్లాడుతున్నా," అంది. "పెట్టె పట్టుకుపోవడానికి వచ్చారు. నీళ్ళు పోతూ ఉంటే దాన్ని విప్పడం కుదరదట. నేను తల కడుక్కుంటున్నాను. నా తర్వాత ఎవరు?"

రేడియో కాసేపు బరబరలాడింది. కుళాయి లేని ఇళ్ళు కదా అవన్నీ, వాళ్ళకేం పట్టింది?

"నేను," అంది అగ్రఫేనా గొంతు. "సబ్బు నాది నేను తెచ్చుకుంటాను. నీదాన్ని నమ్మను."

ఆ తర్వాత ఒకరి మీద ఒకరు. బట్టలున్నాయి, పిల్లలున్నారు, గిన్నెలున్నాయి, నా మొగుడున్నాడు వాణ్ణీ కడగాలి, అంటూ. చెక్కబాట దడదడలాడింది. వసారా నిండా బేసిన్లు, చంటిపిల్లలు, చేపల బక్కెట్లు. ఒకరు చెయ్యి తీస్తే ఇంకొకరు చెయ్యి పెట్టారు. కుళాయి కట్టలేదు. ఎవరూ లోవెల్‌ని తిట్టలేదు, తోయలేదు. "కాస్త జరుగు బాబూ, మోకాలికి తగులుతావు" అంటూ అతని చుట్టూ తిరిగారు. ఎవరో అతని చేతిలో అకుతాక్ గిన్నె పెట్టారు. ఒక చేతిలో పానా, ఒక చేతిలో కొవ్వూ పళ్ళూ కలిపిన ఆ తీపిగిన్నె పట్టుకుని మూల నిలబడ్డాడు పాపం.

పైలట్ వచ్చి గుమ్మంలోంచి లోపలికి చూశాడు. "లోవెల్, బురద కరుగుతోంది. వస్తావా, ఉంటావా?"

లోవెల్ పెట్టె వైపు చూశాడు. కుళాయి కింద అగ్రఫేనా చంటిమనవరాలు నీళ్ళని పట్టుకోబోయి కేరింతలు కొడుతోంది.

"పెట్టె లేకుండా రావద్దన్నారు," అన్నాడు.

"అయితే ఉండు," అని పైలట్ వెళ్ళిపోయాడు. విమానం చప్పుడు మా ఇంటి మీంచి పోయేదాకా ఆడవాళ్ళు చేతులు కడుగుతూనే ఉన్నారు. పోయాక అత్త కుళాయి కట్టి, జుట్టు పిండుకుంది.

*

రెండు రోజులకే నది విరిగింది. గడ్డలు మలుపులో ఇరుక్కుని నీళ్ళు వెనక్కి తన్నాయి. విమానాలు దిగే మట్టిబాట మునిగింది. మురికిగుంట కూడా మునిగింది. చలికాలమంతా అక్కడ పోసింది తేలుకుంటూ చెక్కబాటల కిందకి వచ్చింది. ఏటేటా జరిగేదే. పిల్లల్ని ఇళ్ళలో కట్టేసినట్టు ఉంచుతాం.

లోవెల్ పానా మళ్ళీ సంచిలోంచి తియ్యలేదు. అతన్ని అగ్రఫేనా తన ఇంట్లో పెట్టుకుంది. మా ఇంట్లోనే ఉండమన్నాం గాని ఆవిడ ఒప్పుకోలేదు. "కుళాయి ఉన్న ఇంట్లో పడుకుంటే వాడికేం తెలుస్తుంది? మా ఇంటికి రానీ." మొదటి పొద్దునే బకెట్టు అతనికి అందించింది. "చుట్టానివే అనుకో. కానీ నువ్వూ వాడావు కదా."

లోవెల్ రెండు చేతులా బకెట్టు పట్టుకుని, బురదలో మోకాళ్ళ దాకా దిగుతూ, ఊరి మెరక వైపు నడవడం కిటికీలోంచి చూశాం. మొదటిసారి ఒలికింది. వాసిలీ వెళ్ళి బకెట్టుకి రెండోవైపు పట్టుకున్నాడు. అలా రోజూ పట్టుకున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. పనయ్యాక లోవెల్ మా ఇంటికొచ్చి, మోచేతుల దాకా కడుక్కుని, అలా కుళాయి ముందే చాలాసేపు నిలబడేవాడు.

నీళ్ళు తీశాక, మట్టిబాట ఆరాక, విమానం వచ్చింది. సాగనంపడానికి అందరం వెళ్ళాం. లోవెల్ ఖాళీచేతుల్తో అత్త ముందు నిలబడ్డాడు.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి. ఒక ఆలోచన చేశాను. చలికి పగిలిపోయింది, తెచ్చినా పనికిరాదని చెప్తాను. ఎవరూ ఆరా తియ్యరు. మీ జోలికి రారు."

నాకు ప్రాణం లేచొచ్చింది. వాసిలీ కూడా తలూపాడు. అత్త ఊపలేదు.

"అలా చెప్పకు," అంది.

"మీ మంచికే…"

"పగిలిపోయిందంటే మాకు చూసుకోవడం చేతకాలేదనుకుంటారు. వీళ్ళకిస్తే దండగ అంటారు. నా కోటు కప్పి బతికించాను దాన్ని. పగలలేదు. మేం ఇవ్వలేదు. ఆ ముక్కే చెప్పు."

"వాళ్ళకి కోపం వస్తుంది."

"వస్తే రమ్మను. ఇంటికొచ్చినవాళ్ళకి చేతులు కడుక్కోడానికి నీళ్ళిస్తాం."

లోవెల్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి ఏమీ అనుకోవద్దని అనలేదు.

చెప్పినట్టే చెప్పాడు. సాల్మన్ చేపలు ఎండబెట్టడం అయిపోవచ్చే రోజుల్లో పట్నం నుంచి పెద్ద ఆఫీసరు, ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళతో లోవెల్ కూడా ఉన్నాడు, వెనగ్గా. అత్త వాళ్ళని వరసగా కుళాయి దగ్గర నిలబెట్టి చేతులు కడిగించి, చేపపులుసు పెట్టింది. వాళ్ళు పెట్టె చుట్టూ తిరిగారు, తట్టారు, తమలో తాము గుసగుసలాడారు. లోవెల్ ఏం చెప్పి ఒప్పించాడో, పెద్దాయన చివరికి గొంతు సవరించుకుని, పెట్టె ఇక్కడే ఉండొచ్చన్నాడు. వడపోతలు కూడా పంపుతారట.

"మొత్తానికి ఇచ్చాం కదా, సంతోషమేనా?" అన్నాడు నవ్వుతూ, అందరివైపూ చూసి.

గుమ్మం దగ్గర తన బకెట్టుతో నిలబడి ఉన్న అగ్రఫేనా అందుకుంది.

"మీరెక్కడిచ్చారు బాబూ? మేం తిరిగివ్వలేదు, అంతే. ఇవ్వడమంటూ మొదలుపెడితే, ఇదిగో, మా ఇంటితో మొదలుపెట్టండి."